స్పెల్లింగమ్మ ఆపిన మిషను

మా వదినకు ముక్కు మీదే ఉంటుంది కోపం. అదీ మనుషుల మీద కాదు, అక్షరాల మీద. ఎవరైనా నాలుగు మాటలన్నా సర్దుకుపోతుంది గానీ, ఇంగ్లీషు కలర్‌లో ఉండాల్సిన యు అక్షరం లేకపోతే మాత్రం ఊరుకోదు. ఉండకూడని చోట ఉన్నా ఊరుకోదు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ మా ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. అందరూ స్పెల్లింగమ్మ అంటారు. అదే ప్రెస్సులో నేను పుస్తకాలకు పిన్నులు కొట్టే బల్ల దగ్గర పని చేస్తాను. ఇంట్లోనూ పక్కనే, పనిలోనూ పక్కనే. ఆవిడ గురించి ఈ ఆడపడుచుకు తెలిసినంత మా అన్నయ్యకు కూడా తెలియదు.

మా దగ్గర అచ్చయ్యేవి కథలూ నవలలూ కావు. కుక్కరో ఫ్యానో కొంటే పెట్టె అడుగున ఒక చిన్న పుస్తకం ఉంటుంది చూడండి, ఎవరూ చదవకుండా పారేసేది, అదీ మా సరుకు. వస్తువు ఏ దేశానికి వెళ్తే పుస్తకం ఆ దేశపు ఇంగ్లీషులో ఉండాలి. "ఇంగ్లీషు ఇంగ్లీషే కదా, దేశానికో రకమేంటి వదినా?" అని కొత్తలో అడిగి తప్పు చేశాను. గంటసేపు కూర్చోబెట్టి వాయించింది. బ్రిటన్‌లో ట్యాపు అమెరికాలో ఫాసెట్ అట. బ్రిటన్‌లో ఫస్ట్ ఫ్లోరంటే మెట్లెక్కి వెళ్లేదట, అమెరికాలో వీధిలోంచి నేరుగా అడుగుపెట్టేదట.

"అయితే అమెరికాలో ఫస్ట్ ఫ్లోరు వాళ్లకి మోకాళ్ల నొప్పులుండవన్నమాట" అన్నాను. చేతిలో ఉన్న స్కేలుతో నెత్తి మీద ఒక్కటేసింది.

ఇంట్లోనూ ఇదే గోల. మా అన్నయ్యది పంక్చర్ల షాపు. బోర్డు రాసినతను టైరులో వై బదులు ఐ పెట్టాడు. వదిన రోడ్డు మీదే నిలబడిపోయింది. "చక్రానికి ఐ పెట్టేది అమెరికా వాళ్లు. మనం రాసేది వై. ఐ పెడితే అలసిపోవడమని అర్థం" అంది. అన్నయ్య చేతుల మసి తుడుచుకుంటూ, "నా విషయంలో రెండూ నిజమే కదే, ఉండనీ" అన్నాడు. మర్నాటికల్లా బోర్డు మీదకి వై వచ్చి కూర్చుంది.

ఇంత చదువూ ఆవిడకి బళ్లో వచ్చింది కాదు. పదో తరగతితో ఆపేసి, పెళ్లైన కొత్తలో ఈ ప్రెస్సులోనే ప్యాకింగులో చేరింది. ఒకసారి సెంటర్ అనే మాటలో చివరి రెండక్షరాలు తారుమారయ్యాయని ఒక కంపెనీ పెట్టెలకు పెట్టెలు వెనక్కి కొట్టింది. అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, ఆవిడ ఒక పుస్తకం తీసుకుని తప్పెక్కడుందో వెతికి పట్టుకుని ఒక నోటుబుక్కులో రాసుకుంది. ఆ రోజు మొదలు కనపడిన ప్రతి తేడా రాసుకుంటూ పోయింది. ఏడు నోటుబుక్కులు నిండాయి. ప్యాకింగు బల్ల దగ్గర నుంచి కిటికీ పక్కనున్న ప్రూఫు కుర్చీ దాకా ఆవిడ నడిచిన దారి అదే. ఆ కుర్చీ అంటే ఆవిడకు ప్రాణం.

మొన్నామధ్య ఒక సోమవారం మా ఓనరు కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రాం పెట్టించాడు. దేశం పేరు నొక్కితే పుస్తకమంతా ఆ ఇంగ్లీషులోకి మారిపోతుందట. తప్పున్న పేజీ ఎర్రగా, లేని పేజీ పచ్చగా కనిపిస్తుందట.

"ఒకటో తారీఖు నుంచి ప్రూఫులు ఇదే చూసుకుంటుందమ్మా. మీరు మళ్లీ ప్యాకింగులోకి వెళ్లండి. జీతంలో ఏ మార్పూ ఉండదు" అన్నాడు వదినతో. ఆయన చెడ్డవాడేం కాదు. నా కడుపుమంట కూడా అదే. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేదాన్ని.

వదిన మొహం పాలిపోయింది గానీ గొంతు తగ్గలేదు. "ఒక్క పుస్తకం దానికీ నాకూ ఇవ్వండి సార్. అదొక్కటే చాలు, నా అవసరం లేదనిపిస్తే, నేనే వెళ్లి ప్యాకింగు టేపు పట్టుకుంటాను."

ఓనరు సరేనన్నాడు. పిల్లలు ఒక కాలు పైన పెట్టి రెండో కాలితో నేలను తన్నుకుంటూ పోయే చిన్న స్కూటరు ఉంటుంది కదా, దాని పుస్తకం వచ్చింది. బ్రిటన్ ఇంగ్లీషులో రాసినదాన్ని అమెరికాకు మార్చాలి. ప్రోగ్రాం రెండు నిమిషాల్లో మార్చి పారేసింది. వదిన ఆ కాగితాలు ముందేసుకుని రెండు రోజులు తల ఎత్తలేదు. మధ్యమధ్యలో తనలో తనే కిలకిలా నవ్వుతూ ఎర్ర సిరాతో దిద్దింది, కింద సంతకం పెట్టింది. ఆవిడ దిద్దిన ప్రకారమే మిషనుకి అచ్చు ప్లేట్లు చేశారు. గురువారం ఉదయం మిషను మొదలైంది. పది గంటలకు ఓనరు గదిలో ఎవరు గెలిచారో తేల్చే పంచాయితీ. నేనూ పని వదిలేసి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను.

"మీ ప్రోగ్రాం ఏం రాసిందో వినండి సార్" అని ప్రోగ్రాం ఇచ్చిన కాగితాల ఇంకో కాపీ చూస్తూ వదిన మొదలుపెట్టింది. "మెట్లు వచ్చినప్పుడు స్కూటరును రెండు చేతులతో ఎలివేటర్ చేయండి."

ఓనరుకు అర్థం కాలేదు. "బ్రిటన్ లిఫ్టు అమెరికాలో ఎలివేటరు సార్. మనం ఎత్తండి అనే అర్థంలో లిఫ్ట్ అన్నా, అది వెళ్లి ఎలివేటరు ఎక్కేసింది."

ఆయన నవ్వు బిగబట్టాడు. వదిన వదల్లేదు. "ఇంకొకటి. స్కూటరు ఎక్కే ముందు పిల్లల కాళ్లకు గట్టి ట్రంకులు తొడగండి. కారు వెనక సామాన్లు పెట్టే చోటుని బ్రిటన్‌లో బూట్ అంటారు, అమెరికాలో ట్రంకు అంటారు. అందుకని పాపం పిల్లల బూట్లు కూడా ట్రంకులైపోయాయి."

రెండు ట్రంకుపెట్టెల్లో కాళ్లు పెట్టుకుని స్కూటరు తోసే పిల్లాడు నా కళ్ల ముందు కనిపించాడు. నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకున్నాను. ఓనరైతే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "చాలమ్మా, చాలు. మీరే గెలిచారు. మీ కుర్చీ మీదే" అన్నాడు.

నాకు గంతులేయాలనిపించింది. వదిన వైపు చూశాను. ఆవిడ నవ్వడం లేదు. ట్రంకుల వాక్యం కిందున్న ఇంకో వాక్యం మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. గోడ అవతల మిషను దడదడా కొట్టుకుంటోంది. నోరు మూసుకుని ఉంటే కుర్చీ ఆవిడదే. ఆయన మాట ఇచ్చి ఇంకా నిమిషం కూడా కాలేదు.

"గెలవలేదు సార్" అని ఒక్క మాట అని పరుగు తీసింది. మా వదిన పరుగెత్తడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం. నా బల్లకి గుద్దుకుంది, ఒక కట్ట పుస్తకాలు కింద పడ్డాయి, ఆగలేదు. వెనకాల నేను, నా వెనక ఓనరు. అచ్చు గదిలోకి దూసుకుపోయి మిషను మీది ఎర్ర బటను తనే నొక్కేసింది.

"ఏయ్ స్పెల్లింగమ్మా! చెయ్యి నలిగిపోద్దమ్మా!" అని అరిచాడు మిషను నడిపే పెద్దాయన, మేమంతా బాబాయి అంటాం. మిషను మూలుగుతూ ఆగింది.

"పేవ్‌మెంట్" అంది వదిన రొప్పుతూ. "పేవ్‌మెంట్ అని వదిలేశాను."

ఓనరు అచ్చయిన కాగితం ఒకటి తీసి చూశాడు. "స్కూటరును ఎప్పుడూ పేవ్‌మెంట్ మీదే నడపండి. బాగానే ఉంది కదమ్మా, స్పెల్లింగు కూడా సరిగ్గానే ఉంది."

"స్పెల్లింగు రెండు దేశాల్లోనూ ఒకటే సార్, అర్థమే వేరు. బ్రిటన్‌లో పేవ్‌మెంటంటే మనుషులు నడిచే ఫుట్‌పాత్. అమెరికాలో కార్లు పోయే రోడ్డు. అక్కడ సైడ్‌వాక్ అనాలి. పసిపిల్లల్ని ఎప్పుడూ రోడ్డు మీదే నడపమని చెప్తున్నాం సార్ మనం!"

బాబాయి ఇద్దరు మనవరాళ్ల తాతయ్య. అచ్చయిన కాగితాల దొంతర వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఓనరు మిషను పక్క గోడకు తగిలించిన ఎర్ర సిరా ప్రూఫు తీశాడు. "ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదే."

"సార్, ఆ ప్రోగ్రాం కూడా..." అని నేను అందుకోబోయాను. వదిన నా చెయ్యి గట్టిగా నొక్కింది. "నువ్వుండవే" అని, ఆయనతో చెప్పింది: "నాకు తెలియని మాట కాదు సార్. దాని తప్పులు పట్టుకునే సంబరంలో పడి నా తప్పు నేను చూసుకోలేదు. తప్పు నాదే."

నాకు ఏడుపొచ్చింది. చేతిలోకి వచ్చినదాన్ని తనే నేలపాలు చేసుకుందని ఒక పక్క కోపం, ఇంకో పక్క ఈవిడ మా వదిన అని అందరికీ వినపడేలా అరవాలని ఉంది.

ఓనరు తన గదిలోకి వెళ్లాడు. తెరిచిన తలుపులోంచి కంప్యూటరు కనపడుతూనే ఉంది. ఆయన పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. పేవ్‌మెంట్ ఉన్న పేజీ దగ్గర ఆగాడు. పచ్చగా ఉంది, అంటే ప్రోగ్రాంకి కూడా అక్కడ తప్పు కనపడలేదన్నమాట. ఆయన తిరిగి అచ్చు గదిలోకి వచ్చాడు.

బాబాయి గొంతు సవరించుకుని, "ఆ ప్లేటు మార్చేశాక మళ్లీ మొదలుపెట్టమంటారా సార్?" అని అడిగాడు.

"నన్నడుగుతావేంటి?" అన్నాడు ఓనరు. "ఆవిడనడుగు."

వదిన అరచేత్తో మొహం తుడుచుకుంది. బుగ్గ మీద ఎర్ర సిరా అంటుకుంది. "పన్నెండు పేజీలున్నాయి. అన్నీ మళ్లీ మొదటి నుంచి చదవాలి. నేను చెప్పేదాకా ఎవరూ ఆ మిషను ముట్టుకోవద్దు" అంది.

ఎవరూ ముట్టుకోలేదు.