రాని ‘వస్త’ కోసం

ఆ పొద్దున డ్యూటీకి తయారైన మా ఆయన గేటు దగ్గర ఆగి నా వైపు చూశాడు. నోరు తెరిచాడు కానీ మాట రాలేదు. బొగ్గుబాయిలోకి దిగేవాళ్లెవరూ మా కాలనీలో "పోయొస్త" అనకుండా గేటు దాటరు. వట్టి "పోత" అంటే ఆడవాళ్లం వెనక్కి పిలిచి మళ్లీ అనిపిస్తాం. ఆయన ఏదీ అనలేదు. చేతిలోని టిఫిన్ డబ్బా జారి కింద పడింది.

గోదావరిఖనిలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోతే సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్ వచ్చిందమ్మా. మాట పోవుడును అఫేషియా అంటరు. మనం చెప్పేది ఆయనకు అర్థమైతది, మాటే జల్ది రాదు. స్పీచ్ థెరపీ చెయ్యాలె," అన్నాడు డాక్టర్. ఆ థెరపిస్టు మాకు దగ్గర్లో ఎక్కడా దొరకలేదు.

ఆ దవాఖానలోనే కొత్తగా చేరిన నర్సు సునీత దొరికింది. మహారాష్ట్రలోని బల్లార్షాలో పుట్టిన తెలుగు పిల్ల, వాళ్ల నాన్నా బాయి కార్మికుడే. నాగపూర్‌లో స్ట్రోక్ వార్డులో పనిచేసి వచ్చింది. "ఏంది బావా, అక్క మీద అలిగినవా? పెదవులు కలుపు, ‘ప’ అను," అని ఆటపట్టిస్తూ పలికించేది. ఫిజియోథెరపీకి కుడి చెయ్యి లొంగింది, నాలుక మాత్రం మొండికేసింది. చివరికి ఒకరోజు "పో" అన్నాడు. నేను బోరున ఏడ్చాను.

"ఏడ్వకక్కా. ‘పో’ వచ్చింది గద, ‘వస్త’ గూడ తెప్పిద్దాం," అంది సునీత.

ఆ వారమే ఆమెను డ్యూటీ ఆపేయమన్నారు. ఆమె రిజిస్ట్రేషన్ మహారాష్ట్రలో ఉందట, తెలంగాణలో ఎక్కేదాకా ఇక్కడ పేషెంట్లను చూడకూడదట. రూల్ ఎందుకు పెట్టారో నాకు తెలుసు, దొంగ డాక్టర్లంటే నాకూ భయమే. కానీ రాష్ట్రం దాటితే చేతిలో విద్య ఎక్కడికి పోతుంది? "పోయొస్త అక్కా," అని సునీత బల్లార్షాకు వెళ్లిపోయింది. ఆయన చాలా రోజులు తలుపు వైపే చూశాడు. వచ్చిన ఆ "పో" కూడా ఆగిపోయింది.

రిజిస్ట్రేషన్ ఎక్కేదాకా ఆమె ఇటు రాకూడదు గానీ మేం అటు పోవచ్చు కదా! ఇప్పుడు నెలకోసారి రామగుండంలో రైలెక్కి బల్లార్షా పోతున్నాం. "పో" మళ్లీ వచ్చింది.

మీ ఇంట్లో ఇలాంటి కష్టం వస్తే, మాట నేర్పేవాళ్లను మొదటిరోజే అడగండి, ఈ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ అయిందా అని. కాలేదంటే ఫికర్ పడకండి, వాళ్లను అడిగి, చేయించే తీరు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. నేను తీసుకోలేదు.

ఆయన రోజూ టీ కొట్టుదాకా నడిచి వెళ్తాడు. గేటు దగ్గర ఆగి "పో" అంటాడు. ఆ రెండోమాట ఆయన నోట వినాలని నా ప్రాణం కొట్టుకుంటుంది. కాసేపు చూసి, "వస్త" అని నేనే అంటాను. అది వినేదాకా ఆయన అడుగు బయట పెట్టడు.