ఏడో జెల్ల బరువు

నా చిన్నప్పుడు బట్ట ఉతికితే కురచయ్యేది. ఇప్పుడు సాగుతోంది. నాలుగేళ్ళ కింద కుట్టించిన ప్యాంట్లు చెప్పుల కిందికి దిగి తార్నాక రోడ్లు ఊడుస్తున్నాయి. ఈ సేవకు మునిసిపాలిటీ నుంచి ఇంతవరకు కృతజ్ఞతలేమీ అందలేదు. మిల్లువాళ్ళు నూలులో ఏదో కలుపుతున్నారని నా గట్టి నమ్మకం.

కొలతల విషయంలో నేను పట్టింపు మనిషిని. అది పుట్టుకతో వచ్చింది కాదు. పదేళ్ళ వయసులో పక్కింటి అక్క దగ్గర అంటుకుంది.

అక్క యూనివర్సిటీలో జెల్ల చేపల మీద పరిశోధన చేసేది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి జలాశయానికి వెళ్ళి, జాలరుల దగ్గర నలభై చేపలు కొని ఐసు డబ్బాలో తెచ్చేది. ఒక్కొక్కదాన్నీ మూతి నుంచి తోక కొస దాకా కొలిచి, తూచి, ఆ తరవాత పొట్ట కోసి చూసేది. పొడవుతోపాటు బరువు ఎలా పెరుగుతుంది, గుడ్లు ఎప్పుడు పెడతాయి అన్నవి ఆమె ప్రశ్నలు. జెల్లల్లో ఆడవాటికీ మీసాలుంటాయి కనక పైపైన చూసి చెప్పగలిగేది తక్కువ.

ఒక ఆదివారం నన్నూ ల్యాబుకు తీసుకెళ్ళింది. తను అంకె చెబుతుంది, నేను పుస్తకంలో రాయాలి. మర్నాడు ఆ పుస్తకం వాళ్ళ ప్రొఫెసరు చూస్తారు. పని మొదలయ్యే ముందు సరదాగా నన్నూ తలుపుకు ఆనించి పెన్సిలుతో గీత గీసింది. మా క్లాసులో నాకంటే పొట్టివాడు లేడు. అందుచేత నా మడమలకు కొంత స్వేచ్ఛ ఇచ్చాను. అక్క ఆ గీత పక్కనే తేదీ వేసింది.

ఆరు చేపలకే నాకు సూత్రం తెలిసిపోయింది. పొడుగుదే బరువు. ఏడోది అన్నిటికంటే పొడుగు. కాటా మీద మాత్రం అరవై ఒక్క గ్రాములు తూగింది. అక్క అదే అంకె చెప్పి ఎనిమిదోదాన్ని అందుకుంది. ఈ ఒక్క బక్క చేప వల్ల రేపు అక్కకు చీవాట్లు తప్పవనిపించింది. ఎనభై ఒకటి అని రాశాను. ఉపకారం చేసి చెప్పుకునే అలవాటు నాకు అప్పుడూ లేదు.

నలభైనీ తూచాక కోయడం మొదలుపెట్టింది. ఏడోదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. లోపల గుడ్ల సంచి ఖాళీగా, వదులుగా ఉంది. జెల్లలు గుడ్లు పెట్టడం మొదలైందని చెప్పే మొదటి చేప కోసం ఆమె మూడు నెలలుగా ఎదురుచూస్తోంది. నవ్వుతూ పుస్తకం చూసింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"ఎనభై ఒకటా? గుడ్లు వదిలిన చేప గింత బరువెట్లుంటది?"

నేను నా పాదాలు చూసుకున్నాను. ఆమె కూడా వాటినే చూసింది.

"పొద్దున మడమలు లేపినవ్, చూసిన. ఆటనుకొని ఊకున్న. నేనెంత చెప్పిన?"

"అరవై ఒకటి."

"నీ అరవై ఒకటిని గూడ ఇప్పుడు నమ్మలేను గదరా."

తిట్టలేదు. కోశాక మళ్ళీ తూచినా బరువు సరిగా రాదు, బరువు తెలియని చేప లెక్కకు రాదు కనక, కోసిన ఏడు చేపల అంకెల మీదా అడ్డంగా గీత కొట్టింది. మిగతా ముప్పై మూడింటినీ మళ్ళీ తూచింది. పుస్తకం మాత్రం మళ్ళీ నా చేతికే ఇచ్చింది. అది తిట్టుకంటే బరువుగా ఉంది. ఆ ముప్పై మూడింటిలో ఒక్కదానికీ ఖాళీ సంచి లేదు. మూడు నెలలకు దొరికిన ఒకే ఒక్క కబురు గీత కింద ఉండిపోయింది. మరుసటి ఆదివారం పొద్దున వాళ్ళ గేటు చప్పుడైంది. ఐసు డబ్బాతో ఆమె మళ్ళీ బయల్దేరడం కిటికీలోంచి చూశాను.

ఆ చేప బరువులో తప్పు లేదు. గుడ్లు పెట్టి వచ్చిన అలసట అది. దాన్ని బాగుచేయబోయి దాని నోరు నేనే నొక్కాను. అప్పటినుంచి నచ్చని అంకెను ముందు రాసుకుంటాను, దిగులు తరవాత పడతాను. ఎవరు కొలిచినా మడమలు నేలకే ఉంచుతాను.

మొన్న మా సందు చివరి టైలరు దగ్గర, బట్ట సాగుతోందని ఫిర్యాదు చేశాను. అతను పాత కొలతల పుస్తకం తీసి నన్ను నిలబెట్టాడు. మడమలు గట్టిగా నేలకానించాను. నడుము నుంచి కింది దాకా టేపు రెండుసార్లు పెట్టి చూశాడు.

"బట్ట సాగలే సార్. మీరే తగ్గిన్రు."