కిటికీలో మెరిసిన గానుగ నూనె

నవ్వితే నవ్వండి గానీ, మధ్యలో ఆపి సలహాలు మాత్రం చెప్పబాకండి. ఇప్పటికే చానామంది చెప్పారు. ఈ ఎండాకాలం నేను చేసిన ఘనకార్యం ఏందంటే, బంగారం లాంటి నూనెని నా చేతుల్తో నేనే పాడు చేసుకుని, ఆ నింద తీసుకెళ్ళి ఏ పాపం ఎరగని పెద్దమనిషి నెత్తిన పెట్టాను. అదీ కాలనీ అంతా చదివేట్టు, వాట్సాప్‌లో!

మార్చిలో మా ఆయనకి బ్లడ్ టెస్ట్ చేయిస్తే కొలెస్ట్రాల్ బార్డర్‌లో ఉందన్నారు. డాక్టరు గారు మూడే ముక్కలు చెప్పారు. నూనె తగ్గించండి, వేయించిన నూనె మళ్ళీ వాడొద్దు, రోజూ నడవండి. మూడోది మా ఆయన మర్చిపోయాడు. రెండోది నేను మర్చిపోయాను. మొదటిది ఇద్దరం కలిసి మర్చిపోయాం. నాకు గుర్తున్నదల్లా 'నూనె మార్చాలి' అని ఒక్కటే. ఆ మాట డాక్టరు అన్నారో, ఫోన్లో చూసిన వీడియోలో విన్నానో ఇప్పటికీ తేలలేదు.

ఆ వీడియోలున్నాయే, వాటితోనే వచ్చింది తంటా. ఒకామె వంటిల్లు చూపిస్తది. తెల్లటి గోడ, పెద్ద కిటికీ, కిటికీలో వరసగా గాజు సీసాలు, సీసాల్లో పచ్చగా మెరిసే నూనె. అది చూసినప్పట్నుంచీ మా వంటింట్లో ఉన్న జిడ్డు డబ్బా నా కంటికి ఆనితే ఒట్టు.

మా నరసరావుపేటలో సత్తెనపల్లి రోడ్డు మీద కోటయ్య బాబాయ్‌ది చెక్క గానుగ ఉంది. బాబాయ్ అంటే చుట్టమేం కాదు, అందరం అట్టాగే పిలుస్తాం. రాజుపాలెం రైతుల దగ్గర శనక్కాయలు కొని, పుచ్చుల్లేకుండా ఏరించి, మన కళ్ళ ముందే ఆడించి ఇస్తాడు. తక్కువ మాట్లాడే మనిషి. నేను పోయి ఆరు లీటర్లు వేరుశనగ నూనె, రెండు లీటర్లు నువ్వుల నూనె తీసుకున్నా. రేకు టిన్నుల్లో పోసి, మూతలు బిగించి, "టీచరమ్మా, ఎండ తగలని చోట పెట్టుకోండి. వారానికో పది రోజులకో సరిపడా చిన్న సీసాలో వంపుకోండి" అన్నాడు. నేను "సరే బాబాయ్, సరే" అంటూనే ఉన్నా. కళ్ళు మాత్రం ఫోన్లో ఉన్నాయి. గాజు సీసాలు ఆర్డర్ పెడుతున్నా మరి!

సీసాలు వచ్చాయి. కడిగాను. లోపల అక్కడక్కడా తడి ఉన్నట్టే ఉంది, ఏమైతదిలే అనుకున్నా. నూనె అంతా పోసేశాను. పొయ్యి పక్కనే పడమటి కిటికీ. అందులో వరసగా పేర్చాను. సాయంత్రం ఎండ వాటి మీద పడితే ఉందండీ, ఎనిమిది సీసాలూ దీపాలు వెలిగించినట్టు మెరిశాయి! ఫోటో తీసి స్టేటస్ పెట్టా. 'హెల్దీ కిచెన్' అని.

మా ఆయన వచ్చి చూసి, "ఏమే, ఇవి తాగటానికా?" అన్నాడు.

"మీ గుండె కోసం!" అన్నాను.

ఇంకో విషయం కూడా చెప్పాలి. దాచి లాభం లేదు. అప్పడాలు వేయించినప్పుడు మూకుట్లో మిగిలిన నూనె ఉంటది చూడండీ, గానుగ నూనె కదా, పారబోయటానికి మనసు ఒప్పలేదు. చల్లారాక వడగట్టి మళ్ళీ సీసాలోనే పోశాను. ఒకసారి కాదు. చానాసార్లే.

ఏప్రిల్ ఎండలు ఈసారి ఎట్టా ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. మన పల్నాటి ఎండకి రాళ్ళే పగులుతాయి. నాకు బడి సెలవులు ఇచ్చిన రెండో రోజు, మాచర్ల నుంచి మా వదిన వాళ్ళు వచ్చారు. వదినంటే మా ఆయన అక్క. నోరు మంచిదే గానీ నాలుక మాత్రం తక్కెడ. ఉప్పు రవ్వంత ఎక్కువైనా పట్టేస్తది.

వాళ్ళు వచ్చీ రాగానే మంచినీళ్ళన్నా సరిగా ఇవ్వకుండా వంటింట్లోకి తీసుకుపోయి సీసాలు చూపించా. ప్యాకెట్ నూనె ఎందుకు వాడకూడదో చెప్పా. గానుగ అంటే ఏందో చెప్పా. శనక్కాయలు పండించే ఇంట్లో పుట్టిన మనిషికి! పాపం ఆవిడ తల ఊపుతా నిలబడింది. తర్వాత ఆ నూనెతోనే గారెలు వేసి, వేడివేడిగా ప్లేట్లో పెట్టిచ్చాను.

వదిన ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది.

"అమ్మాయ్, ఏందిది? గారె కనరు కొడతంది."

"లేదొదినా, గానుగ నూనె వాసన అట్టాగే ఉంటది..."

"గానుగ నూనె వాసన నాకు తెలీదంటమ్మా? ఇది చెడిపోయిన నూనె."

మా ఆయన కూడా ఒక గారె కొరికి, మెల్లగా పక్కన పెట్టేశాడు. నేను తిని చూశా. నిజమే. పాత మైనపు ముద్ద నమిలినట్టుంది. గొంతులో గీరుకుంటంది. రోజూ ఆ వాసనలోనే తిరగటాన నా ముక్కుకి తెలియలేదు.

అప్పుడు నేనేం చేయాలి? ఎక్కడ తప్పు జరిగిందో చూసుకోవాలి. అబ్బే! అప్పటిదాకా గంటసేపు ఉపన్యాసం ఇచ్చిన దాన్ని, ఆ సిగ్గు ఎక్కడ పెట్టుకోను? "చూశారా వదినా, ఆ కోటయ్య ఎట్టా మోసం చేశాడో! కల్తీ నూనె అంటగట్టాడు!" అన్నాను. అనటంతో ఆగానా? ఫోన్ తీసి సీసా ఫోటో పెట్టి, కాలనీ గ్రూపులో మెసేజ్ కొట్టాను. "కోటయ్య గారి గానుగ నూనె కల్తీ. మా ఇంట్లో అందరూ ఇబ్బంది పడ్డారు. ఎవరూ కొనవద్దు."

ఇబ్బంది పడింది ఒక్క గారె! అయినా రాశాను.

టపటపా మెసేజ్‌లు. దండాలు, థాంక్యూ మేడమ్‌లు. "నాకు ముందు నుంచీ అనుమానమే" అని ఒకాయన రాశాడు. ఆయన బాబాయ్ దగ్గర ఏనాడూ నూనె కొన్న మనిషి కాదు. ఒకామెకి ఆ రాత్రి కడుపులో నొప్పి కూడా వచ్చిందంట. నిజం చెప్తున్నా, ఆ పూట నాకు ఏదో సమాజసేవ చేసినట్టే ఉంది.

ఆదివారం పదింటికి కోటయ్య బాబాయ్ మా ఇంటికి వచ్చాడు. మోపెడ్ గేటు దగ్గర ఆపి, చిన్న స్టీలు క్యాను చేత్తో పట్టుకుని, చెప్పులు బయటే విడిచి నిలబడ్డాడు. గొడవకి వచ్చాడేమో అని నేను చీర కొంగు బిగించాను. ఆయన గొంతే పెంచలేదు.

"నూనె బాగోలేదన్నారంట టీచరమ్మా. ఒక్కసారి చూస్తాను."

సీసా తెచ్చిచ్చాను. అరచేతిలో రెండు చుక్కలు పోసుకుని, రుద్ది, వాసన చూశాడు. ముఖం వాడిపోయింది.

"నిజమే తల్లీ. చెడిపోయింది."

"నేను చెప్పానా!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే మా ఆయన పేపరు దించి చూశాడు.

బాబాయ్ తన క్యాను మూత తీశాడు. "మీకిచ్చిన రోజు ఆడిందే ఇది. అదే కాయ, అదే గానుగ. ఇంట్లోకి మేం ఉంచుకున్నాం. చూడండి."

చూడక్కర్లేదండీ. మూత తియ్యంగానే అప్పుడే వేయించిన శనక్కాయల వాసన గదంతా కమ్ముకుంది.

"మీరెక్కడ పెట్టారమ్మా?"

వంటింట్లోకి తీసుకుపోయా. ఆయన గడప దగ్గరే ఆగి కిటికీ వైపు చూశాడు. దగ్గరికి వచ్చి ఒక సీసా మీద చెయ్యి వేసి, చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకున్నాడు. ఉదయం పూట కూడా, పొయ్యి సెగకి, కాగినట్టే ఉంది అది.

"తల్లీ, ఇది నూనె పెట్టే చోటా, వడియాలు పెట్టే చోటా?"

నేలకేసి చూస్తా నిలబడ్డా. ఆయన సీసా పైకెత్తి, "అడుగున ఈ నల్ల నలకలేంది?" అన్నాడు.

నేను ఏదో ఒకటి చెప్పేదాన్నే. ఈలోపు హాల్లోంచి మా ఆయన అందుకున్నాడు. "అప్పడాలు వేయించిన నూనె బాబాయ్! వడగట్టి మళ్ళీ అందులోనే పోస్తది!"

కట్టుకున్నవాడు!

బాబాయ్ ఏమన్నా తిడితే బాగుండేది. తిట్టలేదు. సీసా అక్కడే మెల్లగా పెట్టి అన్నాడు. "ఆవకాయల సీజన్ కదమ్మా. నువ్వులు తెచ్చి పెట్టుకున్నా. మీ కాలనీ వాళ్ళు వద్దని ఫోన్లు చేస్తన్నారు. ఎందుకో తెలీక, మీ మెసేజ్ మా కోడల్ని చదివి వినిపించమన్నా. 'కల్తీ' అన్న మాట కాడ ఆగిపోయిందమ్మా. చదవలేకపోయింది."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. క్యాను మాత్రం మా బల్ల మీదే వదిలేశాడు. మర్చిపోయి కాదు, వాడుకోమని.

ఇప్పుడు అసలు సంగతి వినండి. నేను హైస్కూల్లో చెప్పేది ఫిజికల్ సైన్స్. పదో తరగతి పిల్లలకి ఏటా చెప్తాను. నూనె పదార్థాలు గాలికి, వెలుతురుకి, వేడికి ఆక్సీకరణం చెంది రుచీ వాసనా మారతాయి, దాన్ని ముక్కిపోవడం అంటారు, రాసుకోండి అని. 'నూనెని గాలి చొరబడని పాత్రలో ఎందుకు నిల్వ చేయాలి?' అన్న ప్రశ్నకి రెండు వాక్యాలు తక్కువ రాసినందుకు ఎంతమంది మార్కులు కోశానో! ఆ కిటికీ ముందు నిలబడితే వాళ్ళందరి మొహాలూ గుర్తొచ్చాయి.

ఆ పూట అన్నం సహించలేదు. ఫోన్ తీసుకుని క్షమాపణ టైపు చేయటం మొదలుపెట్టా. 'కొన్ని కారణాల వల్ల' అని రాశాను. చెరిపాను. 'నూనె విషయంలో చిన్న అపార్థం' అని రాశాను. మా ఆయన భుజం మీదుగా చూసి, "ఆయన నూనె కల్తీ అనేటప్పుడు ఇంత ఆలోచించలేదుగా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆఖరికి ఉన్నదున్నట్టు రాశాను. "కోటయ్య బాబాయ్ నూనె మంచిది. ఎండలో పెట్టి, వాడిన నూనె కలిపి నేనే పాడు చేశాను. ఆయన మీద అనవసరంగా నింద వేశాను. తప్పు నాది."

పంపించి చూస్తన్నా, చూస్తన్నా. మొదటి మెసేజ్‌కి అన్ని దండాలు పెట్టినవాళ్ళు ఒక్కరూ పలకరే! గంట తర్వాత ఒకాయన, "అంటే కొనొచ్చా, వద్దా?" అన్నాడు. ఇంకొకాయన, "మేడమ్‌కి రెండు లీటర్లు ఫ్రీగా ఇచ్చుంటాడు" అని, పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు.

అప్పుడర్థమైంది నాకు, నింద ఎంత తేలిగ్గా పోతదో, సవరణ ఎంత కుంటుకుంటా నడుస్తదో.

ఇట్టా కాదని, బాబాయ్ వదిలిపోయిన క్యాను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మే నెల ఎండలో! "ఒక్కసారి వాసన చూడండి పిన్నీ" అంటా. సగం మంది నేను సెలవుల్లో నూనె అమ్మకం మొదలుపెట్టాననుకున్నారు. ఒకామె తలుపు సందులోంచే, "మాకొద్దమ్మా, నిన్ననే తీసుకున్నాం" అంది. కొంతమంది విన్నారు. మళ్ళీ ఆయన దగ్గరికి పోతామన్నారు. కానీ అప్పటికే ఏం లాభం? చానామంది కొట్లో ప్యాకెట్ నూనె తెచ్చి ఆవకాయలు కలిపేసుకున్నారు. జాడీల మూతికి గుడ్డ వాసెన కూడా కట్టేశారు. ఆవకాయ ఏడాదికి ఒకసారే కదండీ. ఆ సీజన్‌ని నేను ఆయనకి తిరిగి తెచ్చివ్వలేను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటది.

గానుగకి పోయి చేతులు పట్టుకుని చెప్పాను, తప్పైపోయింది బాబాయ్ అని. "పోనీలెండమ్మా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. పాత చనువు కూడా లేదు.

ఇప్పుడు నూనె టిన్నులోనే, కింద అలమరలో, చీకట్లో ఉంటంది. చిన్న సీసాలో వారానికి సరిపడా వంపుకుంటున్నా. వేయించటమే తగ్గించేశాం. మిగిలిన నూనె మళ్ళీ వాడే పనే లేదు. మా ఆయన నడక కూడా మొదలుపెట్టాడు, గేటు దాకా అయినా.

బళ్ళు తెరిచాక మొన్న ఒకరోజు బస్సులో నకరికల్లు పోతన్నా. పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో రేకు టిన్ను పెట్టుకుంది.

"కోటయ్య గారి గానుగ నూనేనా అండీ?" అన్నాను.

"అవునమ్మా, అక్కడే తెచ్చుకుంటాం. ఈమధ్య ఆయన టిన్ను చేతికిచ్చే ముందు ఒక కత చెప్తన్నాడు. పేటలో ఎవరో టీచరమ్మంట, మంచి నూనె తీసుకుపోయి గాజు సీసాల్లో పోసి కిటికీలో ఎండబెట్టిందంట! మీరట్టా చేయబాకండి అని మరీమరీ చెప్తాడు."

నాకు చెమటలు పట్టాయి. "పేరేమన్నా చెప్పాడా?"

"ఎంత అడిగినా చెప్పడు. చానా మంచామె, తెలీక చేసింది, పేరెందుకులే అంటాడు."

నేను ఆయన పేరు అంతమందికీ చాటాను. ఆయన నా పేరు ఒక్క మనిషికి కూడా చెప్పలేదు. ఇప్పుడన్నా 'ఆ టీచర్ని నేనేనమ్మా' అని చెప్పేద్దామని నోరు తెరిచాను.

ఈలోపు ఆవిడే అంది. "అంత చదువు చదివి ఆ మాత్రం తెలీదంటమ్మా? ఏం పాఠం చెప్పేదో పిల్లలకి!"

బయటికి చూశాను. కండక్టర్ని చూశాను. ఒళ్ళో బ్యాగ్ సర్దుకున్నాను.

"తెలుగు టీచరై ఉంటదండీ" అన్నాను.