తాలు ఏరిన చేతులు

కాలేజీ వాళ్లు ఫోన్ చేసి, సాహిత్యంలోనూ జీవితంలోనూ పరివర్తన అనే అంశం మీద పిల్లలకి గంటసేపు చెప్పమన్నారు. రానన్నాను. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్పకుండా ఫోన్ పెట్టేశాను గానీ, పెట్టేశాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

మూడేళ్ల కిందట నేనొక కథ రాశాను. రాశాననడం కూడా ఎక్కువే. మా అక్క ఇంట్లో జరుగుతున్నది జరుగుతున్నట్టు దించాను. అద్దంకి దగ్గర పల్లెలో అక్కా బావా మిరప వేస్తారు. ఒక్కతే కూతురు. ఆ పిల్ల అద్దంకిలో మోటార్ల రిపేరు షాపున్న ముస్లిం కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంది. అతనేమీ ఊరూ పేరూ తెలియనివాడు కాదు. బావ బోరు మోటారు కాలిపోయినప్పుడల్లా వచ్చి, బాగుచేసి, అక్క ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లినవాడే. మోటారు తిరిగినన్నాళ్లూ బావకి అతని మతం గుర్తు రాలేదు. పెళ్లి మాట విన్న రోజున గుర్తొచ్చింది. నాకు కూతురు లేదన్నాడు. ఇప్పుడు మోటారు కాలితే ఆటోలో వేసుకుని, ఆ షాపు ముందు నుంచే, చిలకలూరిపేట దాకా తీసుకెళ్తాడు. అంత దూరం మోసే ఓపిక ఉంది గానీ మెడ ఒక్కసారి పక్కకి తిప్పే ఓపిక లేదు.

నా కథకి నేను మొదట రాసిన ముగింపులో, కూతురు పసిబిడ్డనెత్తుకుని కల్లం దగ్గరికి వస్తుంది. తండ్రి తలెత్తడు. ఎండబోసిన కాయల్ని కాళ్లతో తిరగేసుకుంటూ అటు చివరికి వెళ్లిపోతాడు. అంతే కథ.

వారపత్రిక సబ్ ఎడిటర్ ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్తుడు. కథ చాలా బాగుందన్నాడు. "చివర్లో తండ్రిలో చిన్న పరివర్తన తీసుకురండి మేడమ్. చదివేవాళ్లకి ఎక్కడో ఒక వెలుగు కనపడాలి కదండీ" అన్నాడు. ఆయనకి వెలుగు కావాలంటే తండ్రే మారాలా అని వాదించాను. వాదనలో నన్ను గెలిచినవాళ్లు మా ఇంటావంటా లేరు. కానీ ఆ రోజు ఎవరూ గెలవకుండానే ఓడిపోయాను, ఎందుకంటే నాకు కథ అచ్చులో చూసుకోవాలని ఉంది. కూర్చుని అరగంటలో మార్చేశాను. పాతికేళ్లుగా నేను చూస్తున్న మనిషిని అరగంటలో మార్చేశాను.

కొత్త ముగింపులో తండ్రి తాలు ఏరుతుంటాడు. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయలు. వాటిని ఎర్రటి వాటిలోంచి చేత్తో ఏరి వేరే పొయ్యాలి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఆయన చేతిలోని కాయలు జారవిడిచి, పరిగెత్తుకొచ్చి, మనవరాల్ని గుండెలకి హత్తుకుంటాడు.

కథ అచ్చయింది. ఫోన్లు వచ్చాయి. కళ్లు చెమ్మగిల్లాయన్నారు. అన్నవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఆ చెమ్మతో వాళ్లు ఎవరికి తలుపు తీశారో నాకు తెలియదు.

అక్క కూడా చేసింది. "ఏమే, తాలు ఏరిన చేతుల్తో పసిగుడ్డునెట్టా ఎత్తుకుంటాడే? పిల్లకి ఒళ్లంతా మంటెక్కిపోదూ? అసలు నువ్వు ఈ నేల మీద పుట్టినదానివేనా?" అంది.

 సబ్ ఎడిటరుకి తట్టలేదు, కళ్లు చెమ్మగిల్లినవాళ్లకి తట్టలేదు, చిన్నప్పుడు ఆ చేతులతో కళ్లు నులుముకుని పెరిగిన నాకూ తట్టలేదు. అక్క నవ్వింది.  తర్వాత "అయినా ఆయన ఎత్తుకుంటే బాగుండునే" అని పెట్టేసింది. అప్పటికి అక్క కూతురికి మూడో నెల పాప. అక్క ఫొటోలో తప్ప చూడలేదు.

ఆ కథ కూతురు కూడా చదివిందని నాకు తెలియదు.

ఆ తర్వాత వచ్చిన మార్చిలో, ఏటా వెళ్లినట్టే, కారానికి కాయలు తెచ్చుకుందామని అక్క వాళ్ల ఊరు వెళ్లాను. కల్లం నిండా కాయలున్నాయి. అక్కా, ఇంకో నలుగురు ఆడవాళ్లూ తాలు ఏరుతున్నారు. బావ కాళ్లతో చాళ్లు తీస్తూ కాయలు తిరగేస్తున్నాడు. రోడ్డు మీద ఆటో ఆగింది. కూతురు దిగింది, చంకలో పాపతో. నన్ను చూసి నవ్వింది. మేమిద్దరం కలిసి ఏదో ఏర్పాటు చేసుకున్నట్టున్న నవ్వు. 

"నాన్నా" అంది.

బావ ఆటో వైపు చూశాడు. ఆ పిల్ల వైపు చూడలేదు. ఎవరికో చెబుతున్నట్టు, ఎండ దిగకముందే ఆ మూల కూడా తిరగెయ్యాలన్నాడు. అని ఆ మూలకి వెళ్లిపోయాడు. నేను మొదట రాసిన ముగింపు అక్షరం పొల్లుపోకుండా నా కళ్లముందు జరిగింది. రాసినప్పుడు అదొక గొప్ప ముగింపనుకున్నాను. చూస్తుంటే ఆ పిల్ల మొహం తప్ప ఇంకేమీ కనపడలేదు.

అక్క లేచి వచ్చింది. వచ్చి, రెండు బారల దూరంలో ఆగిపోయింది. మోచేతుల దగ్గర్నుంచి చేతులు రెండూ ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడింది. పాప ఆమె మీదకి వాలబోతుంటే వెనక్కి జరిగింది. ఈలోగా ఘాటుకి పాప తుమ్మింది, దగ్గింది, ఏడుపు లంకించుకుంది. నా కథలో తండ్రిని కరిగించిన ఏడుపు అదే. ఇక్కడ ఆయన కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

కూలికొచ్చిన ఒక ముసలామె ఉండబట్టలేక, "మనవరాలయ్యా, ఒక్కసారి చూడరాదూ" అంది.

"నువ్వు తాలు ఏరు" అన్నాడు బావ.

కూతురు పాపని ఎత్తుకుని ఆటో దగ్గరికి తిరిగి వెళ్లింది. నేను వెంట వెళ్లాను. ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికయ్యేది.

"నాన్న నీతో ఏదో అనుంటాడు, అందుకే రాశావనుకున్నా పిన్నీ" అంది.

 పత్రికవాళ్లు అడిగితే రాశానని ఎలా చెప్పను?

ఆటో వెళ్లాక బావ నా దగ్గరికి వచ్చాడు. "కథలు రాసుకుంటే రాసుకో మరదలా. మా ఇంట్లోకి రాయమాక" అన్నాడు.

"తప్పయింది బావా. నిన్ను మంచివాడిలా రాశాను" అన్నాను.

అంత గట్టిగా అన్నా ఆయన మొహంలో ఏమీ కదల్లేదు. మళ్లీ వెళ్లి కాయలు తిరగేసుకున్నాడు. మూడేళ్లయింది, ఈనాటికీ అలాగే తిరగేసుకుంటున్నాడు. చెడ్డవాళ్లు మారతారని నమ్మించి, పక్కవాళ్ల చేత ఏళ్ల తరబడి ఎదురుచూపులు చూయించే కథల మీద నాకు కోపం. అందులో నాదీ ఒకటి.

ఆ సాయంత్రం అక్క చేతులకి మజ్జిగ పోసుకుంది, ఆముదం రాసుకుంది. మర్నాడు పొద్దున అందరూ కల్లానికి బయల్దేరితే ఆమె అరుగు మీదే కూర్చుంది. రావేమని బావ అడిగాడు.

"చేతులు చల్లబడాలి" అంది.

 రెండో రోజూ వెళ్లలేదు. కాయ కల్లంలో ఉన్నప్పుడు అక్క ఇంట్లో కూర్చోవడం పెళ్లయిన దగ్గర్నుంచి లేదు. తాలు కలిసిపోతోందని బావ కేకలేశాడు. ఎర్రకాయ పాడైతే ఎవరు పూచీ అన్నాడు. మూడో రోజు తనే కూర్చుని ఏరుకున్నాడు. వంట కూడా నేనే చేశాను, కారం డబ్బా ఆమెని ముట్టుకోనివ్వలేదు. ఆ మూడు రోజులూ అక్క ఏ పని చేసినా మధ్యలో ఆగి అరచేతులు వాసన చూసుకునేది.

ఇదంతా ఆ ఏడాదే రాసి అదే పత్రికకి పంపాను. సబ్ ఎడిటర్ మళ్లీ అంతే మర్యాదగా, "బాగుంది గానీ, ఎవరిలోనూ పరివర్తన లేదు కదండీ" అన్నాడు. ఆయన ఇంకా తండ్రినే చూస్తున్నాడు.

అక్క కల్లం మానేసిన నాలుగో రోజు ఇద్దరం బస్సెక్కి అద్దంకి వెళ్లాం. వెళ్తున్నానని అక్క బావకి చెప్పే వచ్చింది, అడగలేదు. షాపు వెనకాలే రెండు గదుల ఇల్లు. అల్లుడు మోటారు పని వదిలేసి లేచి, లోపలికి రండి అత్తయ్యా అన్నాడు. కూతురు పాపని తెచ్చి చేతికివ్వబోయింది. అక్క ఆగమంది. ఒక కన్ను మూసుకుని, వేళ్లు ఒక్కొక్కటే ఆ రెప్ప మీద రుద్దుకుంది. మంట పుడుతుందేమోనని అలాగే కాసేపు నిలబడింది. ఆ చేతి వేళ్లయ్యాక ఈ చేతివి.

తర్వాత ఎత్తుకుంది.