మంచు టైర్లకు మూఢం

త్రినాథ్ వస్తువులు కొనడు, ఎంచుతాడు. కొనడమనేది ఆ ఎంపిక ముదిరి పాకాన పడ్డాక ఎప్పుడో జరుగుతుంది. మిక్సీకి ఎనిమిది నెలలు పట్టింది. పరుపు ఎంచేలోగా అద్దె ఇల్లే మారిపోయింది. పుట్టింది తణుకు, చదివింది కాకినాడ, ఉంటున్నది ఐర్లండులో కార్క్ నగరానికి పడమట బాలింకాలిగ్‌లో. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇంకొకరి పనిలో తప్పులు వెతికినందుకు జీతమిస్తారు. ఇంటి దగ్గర అదే పని జీతం లేకుండా చేస్తాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే విద్యకు పట్టాలిచ్చే కాలేజీ ఉంటే ఆయన అక్కడ ప్రిన్సిపాల్ అయ్యుండేవాడు.

అలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్క మధ్యాహ్నం ముందూ వెనకా చూడకుండా పడిపోయాడు. 2020 ఫిబ్రవరి చివర్లో ఒక షోరూము అద్దం వెనక ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కనిపించింది. గంటన్నరలో, ఉన్న బుల్లి కారు వాళ్ళ మొహాన కొట్టి, దీన్ని ఇంటికి తోలుకొచ్చాడు. నెల తిరిగేసరికి లాక్‌డౌన్ వచ్చింది. ఇల్లు దాటి రెండు కిలోమీటర్లకు మించి పోకూడదన్నారు, తర్వాత దయతలచి ఐదన్నారు. త్రినాథ్‌కు ఇంట్లోంచే ఉద్యోగం. భార్య కిరణ్మయి రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో టెక్నీషియన్. మందులు ఇంట్లో కూర్చుంటే తయారుకావు కాబట్టి, దారిలో గార్డ్స్, అంటే అక్కడి పోలీసులు, ఆపితే చూపించమని ఆమెకు కంపెనీ ఒక ఉత్తరం ఇచ్చింది. ఆ విధంగా కారు కొన్నది ఈయన, నడిపేది ఆవిడ. ఈయనకు కడగడం మిగిలింది.

ఎండాకాలం సాఫీగానే గడిచింది. నవంబరు రాగానే త్రినాథ్‌కు గుండెల్లో రాయి పడింది. ఆ కారు వెనక చక్రాల బలంతో నడిచేది, టైర్లు వెడల్పాటివి, వేసవి రకం. చలి ఏడు డిగ్రీలకు దిగితే ఆ రబ్బరు బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోదని ఎక్కడో చదివాడు. చలికాలానికి వేరే చక్రాలు, వేరే టైర్లు కొనాలని నిశ్చయించాడు. అంటే ఎంపిక మొదలైంది.

పక్కింటి డెనిస్ గోడవతల నుంచి ఆయన తిప్పలు విని, "ఇది కార్క్ నాయనా, సైబీరియా కాదు. యు'ల్ బి గ్రాండ్" అన్నాడు. 'ఏం కాదులే' అనే ఈ మాట ఐర్లండులో జ్వరానికీ, వరదకీ, ఇల్లు కాలినా కూడా పనికొస్తుంది. త్రినాథ్ దాన్ని పట్టించుకోలేదు. ఎక్సెల్ షీటు తెరిచాడు. చక్రం పద్దెనిమిది అంగుళాలదా, పదిహేడా? చలికాలానికి సన్న టైరు మేలంటారు, మరి పదిహేడైతే లోపల బ్రేకుకు తగులుతుందా? మంచు మీద ఎంత దూరంలో ఆగుతుంది? తడి మీద ఎంత? చప్పుడెంత? ముప్పై ఎనిమిది కాలమ్స్ తేలాయి. నార్వేలో ఒకడు, మ్యూనిక్‌లో ఒకడు, మొహం తెలియని మరో నూట నలభై మంది రాసినవన్నీ చదివి అందులో ఎక్కించాడు. రోజూ సాయంత్రం కిరణ్మయి బూట్లు విప్పుతూ, "తేలిందా?" అని అడిగేది.

"ఇద్దరే మిగిలారు. ఒకడు తడిలో గట్టివాడు, ఒకడు మంచులో."

"నాకు రేపు పొద్దున్న ఆరింటికి కావాలి. ఎవడైనా ఫర్వాలేదు."

డిసెంబరు మొదట్లో గడ్డ కట్టిన ఒక ఉదయం, వాళ్ళ వీధి చివర దిగువలో చక్రాలు జారి, కారు వెనక భాగం ముందుకొచ్చి చూసింది. ఏమీ కాలేదు కానీ ఆమె గంట ఆలస్యంగా చేరింది. వారం తర్వాత ఆ దిగువ దాటాక వచ్చే ఎత్తు ఎక్కలేక బండి అక్కడే చక్రాలు తిప్పుకుంటూ ఉండిపోయింది, ఆ రోజు షిఫ్టే పోయింది. ఆమెను ఆ ఫ్యాక్టరీలో పెట్టిన ఏజెన్సీ వాళ్ళు ఫోన్ చేసి మర్యాదగానే చెప్పారు: కాంట్రాక్టు జనవరితో అయిపోతుంది, పర్మనెంట్ జాబితా అప్పుడే తయారవుతుంది, ఇంకొక్కసారి ఇలా జరిగితే పేరు ఉండదు. మూడేళ్ళుగా ఆమె ఆ జాబితా కోసమే పడి ఉంది. ఆ రాత్రి ఆమె అన్నం సరిగ్గా తినలేదు. త్రినాథ్ షీటు మూసి, ఆర్డరు నొక్కాడు.

పదిహేడు అంగుళాల చక్రాలు నాలుగు, టైర్లు ఎక్కించుకుని మరీ డిసెంబరు పద్దెనిమిదిన జర్మనీ నుంచి దిగాయి. త్రినాథ్ వాటిని ముందుగదిలో నిలబెట్టి ఫోటో తీసి, తణుకులో ఉన్న హనుమత్ప్రసాద్ బాబాయికి పంపాడు. గొప్ప చెప్పుకుందామనే తప్ప వేరే ఉద్దేశం లేదు. బాబాయి వెంటనే ఫోన్ చేశాడు.

"ఒరేయ్ త్రినాథూ, ధనుర్మాసం వచ్చేసింది కదరా! ఇప్పుడు బిగిస్తావేంటి? కొత్త చక్రాలంటే కొత్త వాహనం కిందే లెక్క."

"సంక్రాంతి వెళ్ళాక బిగించేస్తాను బాబాయ్."

"సంక్రాంతి వెళ్తే పుష్యమాసం, శూన్యం. ఆ వెంటనే గురు మూఢం. అది వదిలితే శుక్ర మూఢం. ఉండు, పంచాంగం చూస్తున్నా... ఆఁ, మే నెలలో దివ్యమైన ముహూర్తం ఉంది!"

టైరు కంపెనీ వాడి మాటను మూడు చోట్ల సరిచూసుకోనిదే నమ్మని త్రినాథ్, ఈ మాటను ఒక్క చోట కూడా సరిచూడకుండా నమ్మాడు. నవ్వొచ్చే సంగతే, కానీ ఆయన భయం అబద్ధం కాదు. ముహూర్తం చూడకుండా బండి కొన్న నెలకే ప్రపంచం మూతపడింది. ఆ రెండింటికీ సంబంధం లేదని బుర్రకు తెలుసు. కానీ రోజూ తెల్లవారకముందే ఆ బండిలో వెళ్ళేది కిరణ్మయి. తను గదిలో వెచ్చగా కూర్చుంటే ఆమె రోగం తిరిగే లోకంలోకి, మంచు రోడ్డు మీదికి వెళుతోంది. ఆమెకేమైనా అయితే తన తప్పే అవుతుందని ఆయనకు లోలోపల ఒకటే గుబులు. ఆ మాట ఆమెతో అనలేక మూఢం అన్నాడు.

"టైరుకి మూఢమేంటి? ఇదేం పెళ్ళా, గృహప్రవేశమా?" అంది కిరణ్మయి.

"పెద్దాయన చెప్పాడు కదా."

"మే నెలలో మంచు టైర్లు ఏం చేసుకోను?"

"వచ్చే చలికాలానికి రెడీగా ఉంటాయి."

త్రినాథ్ చక్రాలకు పసుపు కుంకుమ పెట్టి, పాత దుప్పటి కప్పి, మే కోసం ఎదురుచూడసాగాడు. క్రిస్మస్ ముందు, తర్వాత పది రోజులు దేవుడి దయవల్ల ఊరికే వాన కురిసింది.

ఈలోగా త్రినాథ్ షీటు పేరు ఊరంతా పాకింది. కార్క్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అందరూ అడుగుతుంటే కాదనలేక, జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం జూమ్‌లో ఉపన్యాసానికి ఒప్పుకున్నాడు. విషయం: చలికాలపు టైర్ల ఎంపికలో శాస్త్రీయ దృక్పథం. ఆ మధ్యాహ్నమే వాతావరణ శాఖ వాళ్ళు సోమవారం తెల్లవారుజామున రోడ్లు గడ్డ కడతాయని హెచ్చరిక ఇచ్చారు. కిరణ్మయి ఆ వార్త ఫోనులో చూపించింది. "లీవు పెట్టేయ్" అన్నాడు త్రినాథ్, ఏజెన్సీ మాట మరిచి. అని, ఇస్త్రీ చొక్కా వేసుకుని పై గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నాలుగున్నరకు మొదలైంది. ఇరవై ఏడు మంది చేరారు. ఆయన స్లయిడ్లు తిప్పుతూ ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. మధ్యలో కింద ఏదో ఇనుప చప్పుడైతే, విసుక్కుని కిటికీ మూసి వచ్చాడు. చివర్లో భానుమతి గారని డగ్లస్ నుంచి ఒకావిడ అడిగింది: "త్రినాథ్ గారూ, మరి మీ కారుకు బిగించేశారా అండీ?"

"ప్రాసెస్‌లో ఉందండీ" అన్నాడు త్రినాథ్ హుందాగా.

మర్నాడు ఆరింటికి మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే వీధంతా అద్దం పరిచినట్టుంది. కారు లేదు. గబగబా కిందికి దిగి ముందుగదిలో దుప్పటి ఎత్తాడు. పసుపు కుంకుమల చక్రాలు లేవు. వాటి చోట వేసవి చక్రాలు నాలుగు నల్లగా, తడితడిగా కార్పెట్ మీద వరసగా నిలబడి ఉన్నాయి. పక్కన, ఆరు వారాలు వెతికి తెప్పించి సీలు కూడా తీయని టార్క్ రెంచి, అంటే బోల్టు బిగువు కొలిచే పానా, దాని పెట్టె తెరిచి ఉంది.

ఎవరు బిగించారు? ఎలా బిగించారు? వదులుగా ఉంటే? ఫోన్ చేద్దామంటే నడుపుతూ ఉంటుంది. మెట్టు మీద కూర్చున్నాడు. ఏడు కాకముందే చేరాలి. ముప్పై ఎనిమిది కాలమ్స్‌లో ఆగే దూరాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు, అవన్నీ ఒక్కొక్కటే కళ్ళముందు తిరిగాయి. పూజ గదిగా వాడే గోడ బీరువా తలుపు తీసి దండం పెట్టాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ తీశాడు. బాబాయికి ఫోన్ చేయాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఆరూ యాభై రెండుకు మెసేజ్ వచ్చింది: "చేరాను."

వెంటనే ఫోన్ చేశాడు. "కిరణ్, చచ్చిపోయాననుకో భయంతో" అన్నాడు.

"నాకూ భయమేసింది. కానీ బండి జారలేదు, ఒరగలేదు. ఇక్కడ చూస్తే గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, నేను, అంతే. మా లైన్‌లో ఎవరూ రాలేదు. సూపర్వైజర్ కారు వాళ్ళ ఇంటి ముందే డొంకలోకి దిగిందట, ఫోన్ చేసి, వచ్చానని నా పేరు రాసుకున్నాడు."

హమ్మయ్య అనుకోవలసిన చోట త్రినాథ్ నోరు ఊరుకోలేదు. "ఎన్నింటికి బిగించావు?"

"నాలుగున్నరకి మొదలెట్టి ఆరింటికి ముగించా. డెనిస్ జాకీ ఇచ్చి, రెండు మీటర్ల దూరంలో నిలబడి టార్చి పట్టాడు. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు, రాహుకాలం. చూసుకునే కూర్చున్నా."

"అది కాదు... బోల్టులు సరిగ్గా..."

"బిగువు నూట ఇరవై. ఒక్కోటి రెండు సార్లు చూశా. నేను ఫ్యాక్టరీలో రోజంతా చేసేది అదే త్రినాథ్. పైపులకు క్లాంపులు బిగించి, టార్క్ చూసి, సంతకం పెట్టడం. మూడేళ్ళుగా. నువ్వెప్పుడూ అడగలేదు."

త్రినాథ్ నార్వే వాడిని అడిగాడు, మ్యూనిక్ వాడిని అడిగాడు. అదే కారును పది నెలలుగా రోజూ అదే రోడ్డు మీద నడుపుతున్న మనిషి, ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషి, ఆమెను ఒక్క ముక్క అడగలేదు.

"ఎలా ఉంది కిరణ్, రోడ్డు మీద?" అన్నాడు చివరికి.

"ఇప్పుడు చెప్పలేను, లోపలికి వెళ్ళే ఫ్యాక్టరీ గౌను వేసుకోవాలి. సాయంత్రం చెప్తా. షీటు తెరవకుండా వింటావా?"

"వింటాను" అన్నాడు త్రినాథ్.