పిడతలో మిగిలిన గింజ

నా బెల్లం పిచ్చి ఒకసారి హిందూపురంలో మా వీధి మొత్తాన్ని పరుగులు పెట్టించింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ సాయంత్రం నాకు నవ్వు రాలేదు. అప్పటికి నాకు ఏడేళ్లు, రెండో తరగతి చదువుతున్నాను.

మా అమ్మ చింతపండు మండీలో కూలికి పోయేది. ఎండిన కాయను కొట్టి గింజ తీసే పని. పొద్దు పొడిచేసరికి అక్కడ కూర్చోవాలి, దీపాలు పెట్టే వేళకు గాని లేవనివ్వరు. నాయన బండి తోలుకుని ఊళ్లు తిరిగేవాడు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. బడి చూస్తే పదింటికి మొదలై నాలుగున్నరకు వదిలేసేవారు. అటూ ఇటూ మిగిలిన గంటలు నన్నేం చేయాలో తెలియక అమ్మ మొదట్లో లోపల పెట్టి బయట గొళ్లెం వేసి పోయేది. బడి వేళకు పక్కింటామె వచ్చి తీసేది. తలుపు సందులోంచి వీధిని చూస్తూ ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో బడికి పోయేదాన్ని. కూలి మానేస్తే పొయ్యి వెలగదు కాబట్టి అమ్మను అనడానికీ లేదు.

ఆ చెర తప్పించింది వీధి చివరి అవ్వ. ఆమెది పెనుకొండ పక్క పల్లె. మొగుడు పోయి, పశువులు పోయి, ఖాళీ కొట్టం మాత్రం మిగిలింది. మండీకి పోయే ఆడవాళ్ల పిల్లలమంతా ఆ కొట్టంలోనే. పొద్దున మాకు జడలేసి, ముక్కులు తుడిచి, బడిదాకా నడిపించేది. సాయంత్రం మళ్లీ వచ్చి తోలుకుపోయేది. మాటలు సగం తెలుగు, సగం కన్నడం. తిట్లు మాత్రం రెండు భాషల్లోనూ నిండుగా వచ్చేవి.

అవ్వకు ఇరవై దాటితే లెక్క రాదు. ఒక కంట్లో పొర కూడా ఉండేది. పైగా సోమందేపల్లి నుంచి, రొద్దం నుంచి కొత్త కూలీలు వచ్చేవారు కాబట్టి పిల్లలు రోజుకొక తీరుగా ఉండేవారు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దున వచ్చిన ప్రతి పిల్లా ఒక చింతగింజ తెచ్చి ఆమె పిడతలో వేయాలి. సాయంత్రం తల్లి రాగానే పిడతలోంచి ఒక గింజ తీసి ఆమె చేతిలో పెట్టి, అప్పుడే బిడ్డ చెయ్యి వదిలేది. గింజ చేతిలో పడందే కన్నతల్లికైనా బిడ్డను ఇచ్చేది కాదు. పిడత ఖాళీ అయిందంటే అందరూ క్షేమంగా ఇల్లు చేరినట్టే, ఇక అవ్వ సంగటి ముద్ద నోట్లో పెట్టుకునేది.

బెల్లం కూడా ఆ గింజల ప్రకారమే. ఎన్ని గింజలుంటే అన్ని ముక్కలు కొట్టి పెట్టుకుని, బడి నుంచి రాగానే వరుసలో నిలబెట్టి పంచేది. ఇది కనిపెట్టాక నా బుర్ర ఊరుకుంటుందా? ఒకరోజు పొద్దున రెండు గింజలు వేశాను. సాయంత్రం వరుసలో ముందు నిలబడి ఒక ముక్క తీసుకున్నాను. పావడా అంచు ఎత్తి నెత్తిన కప్పుకుని చివర నిలబడి ఇంకొకటి తీసుకున్నాను. నా అంత తెలివైనది హిందూపురంలో లేదనుకున్నాను. రెండో గింజను విడిపించడానికి రెండో అమ్మ కావాలని మాత్రం తట్టలేదు.

అమ్మ వచ్చి నన్ను ఇంటికి తీసుకొచ్చి పొయ్యి అంటించిందో లేదో, అవ్వ వీధిలో కేకలేస్తూ వచ్చింది. "ఒక బిడ్డ తక్కువైంది. మీ పాప ఉండాదా? మీ పిల్లోడు ఉండాడా?" అంటూ ఇంటింటికీ తిరిగింది. అందరి పిల్లలూ ఉన్నారు. అయినా ఆమె నమ్మలేదు.

"గింజ ఉండాది, బిడ్డ లేదు. ఎవురో కొత్తగా కూలికొచ్చినామె ఇడిసిపోయినట్టుండాది. బిడ్డ యాడ పడిందో, ఏమో," అంది.

ఇక చూడండి. మగవాళ్లు బావికి పోయి కడవలు తీసే కొక్కేలు దించారు. ఇద్దరు బడికి పోయి తలుపులు తీయించి బల్లల కింద చూశారు. ఇంకొకరు రైలుకట్ట వెంబడి పోయారు. నేను అమ్మ కొంగు వెనక నిలబడి చెమటలు కక్కుతున్నాను.

ఎవరూ దొరకలేదు. అవ్వ కొట్టం గడపలో కూలబడి, పిడతను ఒళ్లో పెట్టుకుంది. "రేపట్నుంచి ఎవురూ పిల్లోళ్లను తోలద్దండమ్మా. బిడ్డను పోగొట్టినదాన్ని. నాకు ఈ పని వద్దు," అంది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రేపు మండీకి పోయేదెట్లా? మా అమ్మ ముఖం వాడిపోయింది. నాకు గొళ్లెం గుర్తొచ్చింది. కానీ నిజం చెప్పాలంటే, గొళ్లెం కన్నా అవ్వ ఆ ఒక్క గింజను మళ్లీ మళ్లీ తడుముకోవడం చూడలేకపోయాను.

"అవ్వా, నేనే రెండు గింజలేసినా," అన్నాను.

"ఎందుకే?"

"బెల్లం కోసరం."

మా అమ్మ చెయ్యెత్తింది. ఆ చెయ్యి నా వీపు మీద పడేలోపే అవ్వ నన్ను పక్కకు లాక్కుంది.

"ఆగమ్మే. దీని గింజ ఇంగా నా పిడతలోనే ఉండాది. దీన్ని నీకు ఒప్పజెప్పలేదు. నా కాడుండే బిడ్డ మీద చెయ్యెట్ల ఎత్తుతావు?"

అమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ తర్వాత అందరూ నవ్వారు. అవ్వ నా తల తడుముతూ, కళ్లు తుడుచుకుంటూ, "ఎక్కువైతే ఏమిలే పాపా. తక్కువ కాలేదు, అదే పదివేలు," అంది. అంత తప్పు చేసి అంత ముద్దు పొందడం నా జన్మలో అదొక్కసారే.

కొట్టనని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాకే అవ్వ ఆ గింజ ఆమె చేతిలో పెట్టింది. అమ్మ గింజా, నన్నూ పట్టుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి బెదురుగా అడిగింది.

"రేపు తోలమంటావా, వద్దంటావా అవ్వా?"

అవ్వ అప్పటికే సంగటి గిన్నె ముందర కూర్చుంది.

"తోలమ్మే. ఒక్కదాన్నే తోలు," అంది.