మొదలేదో కొసేదో తెలియని దర్వాజ

ఆ రోజుల్లో మా వైపు కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయేదో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. పోయిన ప్రతిసారీ నా ప్రాణం కూడా సగం పోయేదని చెబితే మా ఇంటావిడే నమ్మదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. కారేపల్లిలో మా తలుపులూ కిటికీల దుకాణం అప్పటికే మా తాత కాలం నుంచి నడుస్తోంది. ఇటు ఖమ్మం రోడ్డు మీది ఊళ్ళ నుంచి అటు భద్రాచలం అడవి మొదలయ్యే దాకా, ఇల్లు కట్టుకునేవాళ్ళు పునాది తీయకముందే మా దగ్గరికి వచ్చి దర్వాజ చెప్పి పోయేవాళ్ళు. (ద్వారబంధం అంటే మా వైపు ఎవరూ పలకరు, దర్వాజ అనాలి.) చేసి ఇవ్వడమే కాదు, బండి మీద తీసుకెళ్ళి ముహూర్తానికి నిలబెట్టి రావడం కూడా మా పనే. అంత పేరున్న దుకాణానికి వారసుణ్ణయిన నేను, ఇరవై రెండేళ్ళ వయసులో ఒక్క దర్వాజ వల్ల ఆరు నెలలు ఎలా వణికానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం అన్నం సహించలేదు.

మా దుకాణంలో అసలు పెద్ద మా నాయన కాదు, గీత మేస్త్రి. స్కేలు లేకుండా చెక్క మీద గీత గీస్తే దారం పట్టి చూసినా వంకర దొరికేది కాదు కాబట్టి ఆ పేరు. మా తాత దగ్గర పని నేర్చుకున్న మనిషి, నాకు వరసకు మావ. ఆయనకొక పట్టింపు ఉండేది. డిపో నుంచి టేకు దుంగ రాగానే, అది చెట్టుగా ఉన్నప్పుడు వేరు వైపు ఏదో చూసి అక్కడ జాజుతో ఎర్రగీత పెట్టేవాడు. కోతమిల్లులో దుంగను చీల్చాక ప్రతి ముక్కకూ మళ్ళీ ఆ గీత పడాల్సిందే. దర్వాజకు రెండు పక్కలా నిలబడే నిలువు కొయ్యలు ఆ ఎర్రగీత కిందికి వచ్చేలాగే ఉండాలి. "చెట్టు ఎట్ల నిలబడ్డదో కట్టె గట్లనే నిలబడాలె. తలకిందులైతే ఆ ఇంట్ల మనిషి నిలబడడు" అనేవాడు. అలా తలకిందుల దర్వాజ పెట్టుకుని చెల్లాచెదురైన ఒక ఇంటి కథ కూడా చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ ఇంట్లో పోయినవాళ్ళ లెక్క ఒకటి పెరిగేది. నేనప్పుడే బి.ఎస్సీ. ఫిజిక్సు పాసై వచ్చి ఉన్నాను. పనివాళ్ళందరి ముందూ నిలబడి, కోసిన చెక్కకు ప్రాణం ఉండదనీ, పైనా కిందా అన్నది మనిషి పెట్టుకున్న భ్రమేననీ అరగంట లెక్చరిచ్చాను. మేస్త్రి కోప్పడలేదు. చిత్రిక పడుతూనే, "అవ్ అల్లుడూ, చదువుకున్నోనివి" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను కూడా.

ఆ ఎండాకాలం మా నాయన నిచ్చెన మీది నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అదే వారం గీత మేస్త్రి కూతురి కాన్పని బోనకల్ వెళ్ళాల్సి వచ్చింది. అడవి అంచున, వాగుకు అవతలి ఊళ్ళో ఒక లైన్‌మన్ ఇంటి దర్వాజకు నాలుగు రోజుల్లో ముహూర్తం. ముక్కలన్నీ కోసే ఉన్నాయనీ, గీతలు పెట్టే ఉన్నాయనీ, బిగించడమే మిగిలిందనీ చెప్పి మేస్త్రి బస్సెక్కాడు. ఊరుకుంటే పోయేది. ఆయన వచ్చేసరికి నా పనితనం ఊరూరా చెప్పుకోవాలని, కొయ్యలను నాలుగు వైపులా, రెండు చివర్లా నున్నగా చిత్రిక పట్టాను. పొట్టు ఊడుస్తుంటే అందులో ఎర్రంచు చుట్టలు కనిపించాయి. అందంగా ఉన్నాయే అనుకున్నాను. (అంత తెలివి.) సంగతి బుర్రకెక్కేసరికి ఎడమ కొయ్య చివర కాస్త జాజు మిగిలింది, కుడి కొయ్యకు మచ్చుకైనా లేదు. దాన్ని అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. నా డిగ్రీలో దీనికి సూత్రమేదీ చెప్పలేదు. బోనకల్‌కు ఫోను చేసి అడగొచ్చు. కానీ పైనా కిందా అంతా భ్రమ అని చెప్పినవాడు, పైనేదో కిందేదో కాస్త చెప్పు మావా అని ఏ నోటితో అడుగుతాడు? చివరికి రెండు కొసలూ మార్చి మార్చి ఎత్తి చూసి, బరువనిపించిన వైపు మొదలని తీర్మానించి, అటు గడపలో దిగే మొన కోసేశాను. ఆ మొన కోశాక ఇక కొయ్యను తిప్పడానికి లేదు.

ముహూర్తం రోజు గడప కింద నవధాన్యాలు పోశారు, వెండి ముక్క వేశారు. లైన్‌మన్, అంటే నేను అన్నా అని పిలిచే ఆయనా, వదినా కలిసి దర్వాజకు పసుపు పూసి బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టాక నలుగురం పట్టి నిలబెట్టాం. అంతవరకూ నాకు భయం లేదు, మనసులో కాస్త ఇబ్బందిగా ఉందంతే. అప్పుడు అన్న వాళ్ళమ్మ ముందుకొచ్చింది. ఆమెను ఊరంతా ఆకులవ్వ అంటారు. వయసులో ఉన్నప్పుడు అడవిలో బీడీల తునికాకు కోసే ముఠాకు పెద్దగా ఉండేదట. ఆమె కుడి కొయ్యను పైనుంచి కిందికి నెమ్మదిగా నిమిరింది. మోకాలి ఎత్తున ఒక చిన్న కన్ను, అంటే చెట్టుకు కొమ్మ పుట్టిన చోటి గుండ్రటి మచ్చ ఉంది. చెయ్యి అక్కడ ఆగింది. దర్వాజ ఎవరు చేశారని అడిగింది. నేనేనని చెప్పాను. నన్ను ఒకసారి తేరిపార చూసి, ఆనవాయితీ ప్రకారం వడ్రంగికి పెట్టే కొత్త బట్టలు నా చేతిలో పెట్టింది.

"మంచిగున్నది బిడ్డా. ఇగ బతికినంత కాలం మేమందరం నీ దర్వాజల నుంచే తిరగాలె" అంది.

ఆ షర్టు గుడ్డ చేతిలో పడగానే నా ఒళ్ళు చల్లబడింది. నేను చేసింది చెక్కపని అనుకున్నాను గానీ, నలుగురు మనుషులు రోజూ దాని కింద నుంచి నడుస్తారన్న సంగతి అప్పుడే తట్టింది. ఇంటికొచ్చి ఆ గుడ్డను ట్రంకు పెట్టె అడుగున దాచేశాను. కుట్టించుకునే ధైర్యం లేదు.

ఇక అక్కడి నుంచి మొదలయ్యాయి నా పాట్లు. దుకాణంలో కరెంటు పోయేది. కరెంటు పోయిందంటే ఎక్కడో లైను తెగినట్టు. లైను తెగితే అన్న స్తంభం ఎక్కుతాడు. ఎక్కితే… మేస్త్రి చెప్పిన మాట చెవిలో మోగేది. కోతలు వేళ ప్రకారం పెట్టేవాళ్ళని తెలుసు, అన్నకు వాటితో సంబంధం లేదనీ తెలుసు, అయినా ఫ్యాను కిందే నిలబడి పైకి చూసేవాణ్ణి. ఫ్యాను తిరిగిందంటే అన్న క్షేమంగా దిగినట్టు లెక్క. నేను గాలి కోసం అల్లాడిపోతున్నాననుకుని మా అమ్మ విసనకర్ర తెచ్చిచ్చేది.

వారానికొకసారి మోపెడ్ మీద వాగు దాటి ఆ ఇంటికి వెళ్ళకపోతే నిద్ర పట్టేది కాదు. ఊరికే వెళితే బాగుండదని చేతిలో కొబ్బరినూనె సీసా, పాత గుడ్డ పెట్టుకునేవాణ్ణి. తలుపు బందులకు నూనె వేస్తూ, అన్న ఒంట్లో ఎలా ఉంది, వదినకు జ్వరం గానీ తగల్లేదు కదా, గేదె సరిగ్గా పాలిస్తోందా అని ఒక్కొక్కటే వాకబు చేసేవాణ్ణి. వెళ్ళేటప్పుడు కోళ్ళను కూడా లెక్కపెట్టుకునేవాణ్ణి. ఒకసారి ఒక కోడి తగ్గింది. అడవిపిల్లి ఎత్తుకుపోయిందని వదిన మామూలుగా చెప్పింది. అడవిపిల్లి ఆ దర్వాజలోంచే వచ్చిందా, పెరటి వైపు నుంచా అని నేను గుచ్చి గుచ్చి అడిగాను. వదిన వింతగా చూసింది. ఆకులవ్వ మాత్రం అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, నన్నే గమనిస్తూ ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు ఏ చిక్కుడుకాయలో ఒళ్ళో పోసి పంపేది. వాళ్ళు పెట్టినకొద్దీ నా భయం ఎక్కువయ్యేది.

దీని ఫలితం ఇంకోలా తిరిగింది. ఫలానా దుకాణం వాళ్ళు దర్వాజ పెట్టాక కూడా వారం వారం వచ్చి చూసుకుంటారని చుట్టుపక్కల ఊళ్ళన్నింటా పాకిపోయింది. ఏన్కూరు వైపు నుంచి కూడా కొత్త పనులు వచ్చాయి. వచ్చినవాళ్ళంతా, లైన్‌మన్ ఇంటికి పోయినట్టే మా ఇంటికీ రావాలని ముందే మాట తీసుకునేవాళ్ళు. మంచం మీది మా నాయన నన్ను పిలిచి, తాత పేరు నిలబెడుతున్నావురా అన్నాడు. నిలబెట్టడం అన్న మాట వింటేనే నాకు ఆ కుడి కొయ్య కళ్ళ ముందుకొస్తున్న రోజులవి. తల ఊపి బయటికి వచ్చేశాను.

వానాకాలం వెనకపట్టాక ఒక పొద్దున, ఆ ఊరి నుంచి వచ్చిన బస్సు దిగిన మనిషి ఒకాయన హోటలు ముందు చాయ్ తాగుతూ, లైన్‌మన్ వాళ్ళమ్మకు జ్వరం తలకెక్కిందనీ, తెలివి లేకుండా ఉంటే భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారనీ చెప్పాడు. నేను తాగుతున్న చాయ్ అక్కడే వదిలేశాను. అడవి ఊళ్ళలో ఆ కాలంలో ఎంతమందికి జ్వరాలొచ్చేవో నాకు తెలుసు. కానీ ఆ ఎంతమందికీ నేను దర్వాజ చేయలేదు కదా. దుకాణంలోకి పరుగెత్తి, బోనకల్ నుంచి ఎప్పుడో తిరిగొచ్చిన గీత మేస్త్రి ముందు కూలబడి, చిత్రిక పట్టింది మొదలు మొన కోసిన దాకా మొత్తం చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా, దాచడమెందుకు. ముసలామెను నేనే చంపేస్తున్నానేమో మావా అన్నాను.

ఆయన చిత్రిక పక్కన పెట్టాడు. ఫిజిక్సు గురించి ఒక్క మాట ఎత్తలేదు. "ఆర్నెల్లు గిది కడుపుల పెట్టుకొని తిరిగినవా రా? ఆమె ఇంటికి రానియ్యి. పోయి చూద్దాం" అన్నాడు.

ఆమె వస్తుందో రాదో తెలియని ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో దేవుడికే తెలియాలి. దేవుడికి నేనే చెప్పాను కాబట్టి కచ్చితంగా తెలుసు. ఆకులవ్వ లేచి తిరిగితే తలనీలాలు ఇస్తానని భద్రాద్రి రామయ్యకు మొక్కుకున్నాను. ఆమె లేచింది, ఇంటికొచ్చింది. మరుసటి వారం మేస్త్రిని మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని, నున్నటి గుండుతో ఆ ఇంటికి వెళ్ళాను. చిక్కి సగమైన ఆకులవ్వ నా గుండు చూసి నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకుంది. మేస్త్రి ఎడమ కొయ్యను నిమిరాడు. కుడి కొయ్యను పైనుంచి కిందికి నిమిరాడు. మోకాలి దగ్గర చెయ్యి ఒక్క క్షణం నిలిచింది. ఆయన లేచి దుమ్ము దులుపుకుని, ఇంట్లో అందరికీ వినబడేలా, "సరిగ్గున్నది. చెట్టు నిలబడ్డట్టే నిలబడ్డది" అన్నాడు.

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. దారి పొడుగునా మేస్త్రి మరి ఆ ఊసు ఎత్తలేదు. తెల్లారి నుంచి మాత్రం రోజూ ఒక గీత లేని ముక్క నా ముందు పడేసి, మొదలేదో చెప్పమనేవాడు. కన్ను పక్కన చెక్క గీతలు ఎటు లేస్తే అటు కొస అనీ, కొమ్మ ఎప్పుడూ ఆకాశం వైపే పోతుందనీ, అది చదవడం వస్తే జాజు అక్కర్లేదనీ నేర్పాడు. ట్రంకులోని గుడ్డ తీసి షర్టు కుట్టించుకున్నాను. అంతటితో ఆ కథ అయిపోయిందనుకుని వారం వారం వెళ్ళడం మానేశాను, ఆ దర్వాజను మళ్ళీ పరీక్షగా చూసింది లేదు.

గీత మేస్త్రి పోయి చాలా ఏళ్ళయింది. మా దుకాణంలో ఇప్పుడు టేకు కంటే ప్లాస్టిక్ కిటికీలే ఎక్కువ అమ్ముడవుతున్నాయి. మొన్న ఒకరోజు ఆ లైన్‌మన్ ఇంటి నుంచే, కిటికీలు మార్చాలి కొలతలకు రమ్మని కబురొచ్చింది. వెళ్ళాను. ఈ ఇరవై ఏళ్ళలో ఆ ఇంట్లో రెండు పెళ్ళిళ్ళయ్యాయి, ముగ్గురు మనవలు పుట్టారు, ఒక గేదె బావిలో పడింది. అన్న స్తంభాల మీది నుంచి ఒక్కసారి కూడా జారకుండా రిటైరై, ఇంటి మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎనభై దాటిన ఆకులవ్వ దర్వాజ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. కొలతలు రాసుకుని బయటికి వస్తూ, అలవాటు చొప్పున కుడి కొయ్య మీద చెయ్యి వేశాను. మోకాలి ఎత్తున ఆ కన్ను అలాగే ఉంది. దాని పక్కన గీతలు, ఎవరైనా చదవగలిగినంత స్పష్టంగా, నేల వైపు దిగుతున్నాయి.

కొయ్య తలకిందులుగానే ఉంది. ఇరవై ఏళ్ళుగా. మేస్త్రి చెయ్యి ఆగిన ఆ ఒక్క క్షణంలో ఆయన ఏం చూశాడో, ఎవరి కోసం ఆ అబద్ధం ఆడాడో నాకప్పుడు తెలిసింది. జీవితమంతా నమ్మిన పట్టింపును నా కోసం మింగేశాడు. ఆయన ఉంటే కాళ్ళకు దండం పెట్టేవాణ్ణి.

"ఏంది బిడ్డా, ఇంక చూస్తనే ఉన్నవు. సరిగ్గున్నదా?" అంది అవ్వ.

"సరిగ్గున్నది అవ్వా. చెట్టు నిలబడ్డట్టే ఉన్నది" అన్నాను.

"అవ్, మీ మేస్త్రి గూడ గట్లనే చెప్పిండు" అని బోసినోటితో నవ్వింది.

అడవిలో పుట్టి చెట్ల మధ్యే పెరిగిన మనిషికి ఆ కన్ను చదవడం ఎవరో నేర్పాలా? ముహూర్తం నాడు నిమిరినప్పుడే ఆమెకు తెలుసు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏం చేస్తుంటివి, ఏడుస్తుంటివి. నాకూ జర భయమైంది బిడ్డా, లేదనను. గని నువ్వు వారం వారం వచ్చి కోళ్ళను గూడ లెక్కబెట్టి పోతుంటివి. గింత కావలి ఉన్న ఇంటికి ఏమైతదని ఊకున్న" అంది.

చిక్కుడుకాయలు కట్టించి పంపింది. దుకాణానికి తిరిగొచ్చి కారు (ఇప్పుడు మోపెడ్ కాదు) దిగానో లేదో కరెంటు పోయింది. లోపల రంపం ఆగిపోయింది. దానితో పాటు నా గుండె కూడా ఒక్క క్షణం ఆగి, అన్న రిటైరై చేతికి కట్టుతో ఇంట్లో కూర్చున్నాడని గుర్తొచ్చాక మళ్ళీ కొట్టుకుంది. అయినా లోపలికి వెళ్ళి, అది తిరిగేదాకా ఫ్యాను వంకే చూస్తూ నిలబడ్డాను.